మోటారుకారు ఊపిరి: టర్బోచార్జరు

నరసరావుపేట నుండి పిడుగురాళ్ల, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్లకు పోవు దారి వేసవిలో ఎంత వేడిగా ఉండునో పల్నాటివారికి చెప్పనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదగు చోట్లలో రెంటచింతల పేరు తరచుగా వినబడును. అట్టి ఎండలో ఒక డీజిలు కారు ఎత్తు ఎక్కలేక, నల్లని పొగ విడుచుచు నెమ్మదించినదనుకొనుడు. “టర్బో పోయినది, క్రొత్తది వేయవలెను” అను మాట వెంటనే వినబడును. ఆ మాట నిజమేనా? నిజమైనచో, ఆ భాగమును యజమాని తన ఇంటి వాకిటనే మార్చుకొనగలడా? దీనికి జవాబు తెలియవలెనన్న ముందుగా ఆ యంత్రము చేయు పనియేమో తెలియవలెను.

గాలి బరువు

ఇంధనము మండుటకు గాలిలోని ఆక్సిజను కావలెను. ఇంజను సిలిండరులో పట్టు గాలి ఘనపరిమాణము మారదు. కాని ఆ గాలి బరువు మారుచుండును. 15 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.225 కిలోగ్రాములు తూగును. అదే పీడనమున 45 డిగ్రీల వద్ద అది 1.11 కిలోగ్రాములు మాత్రమే తూగును. పరమ ఉష్ణోగ్రతలైన 288, 318ల నిష్పత్తిని తీసుకొని విద్యార్థులే దీనిని లెక్కకట్టవచ్చును. అనగా పల్నాటి ఎండలో ఇంజను పీల్చు ప్రతి ఊపిరిలోను నూటికి 9 పాళ్ల గాలి తగ్గిపోవుచున్నది.

ఈ కొరతను తీర్చు ఉపాయమును స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుకీ 1905లో పేటెంటు చేసెను. ఇంజను నుండి బయటికి పోవు వేడి వాయువులు, ఇంధనమిచ్చిన శక్తిలో దాదాపు మూడవ వంతును వృథాగా వెంట తీసికొనిపోవును. ఆ వాయువుల దారిలో ఒక చిన్న చక్రమును నిలిపినచో అది గాలిమరవలె తిరుగును. అదే ఇరుసు రెండవ కొనకు బిగించిన మరియొక చక్రము బయటి గాలిని లాగి, నొక్కి, సిలిండరులోనికి పంపును. మొదటిది టర్బైను; రెండవది కంప్రెసరు; రెండును కలిసి టర్బోచార్జరు. 1920 దశకమున ఇది ఓడల డీజిలు ఇంజనులకు అమరినది. అమెరికాలో 1962లో కార్లకును వచ్చినది. ఇటీవలి డీజిలు కార్లన్నిటిలోను దాదాపుగా ఇది ఉండును.

గాలిని నొక్కినప్పుడు అది వేడెక్కును. సైకిలు పంపు అడుగు భాగమును తాకి చూచినవారికి ఈ సంగతి తెలియును. 45 డిగ్రీల గాలి పీడనమును రెండింతలు చేసినచో దాని వేడి 115 డిగ్రీలను దాటును. వేడెక్కిన గాలి మరల పలుచబడును గనుక, దానిని ఇంజనులోనికి పంపుటకు ముందు ఇంటర్‌కూలరు అను రేడియేటరువంటి పెట్టెలో చల్లబరచుదురు.

నూనె పొరపై తిరుగు ఇరుసు

కారు టర్బోచార్జరు ఇరుసు నిమిషమునకు లక్ష నుండి రెండు లక్షల సార్లకు పైగా తిరుగును. 5 సెంటీమీటర్ల వ్యాసము గల చక్రము నిమిషమునకు 1,50,000 సార్లు తిరిగినచో దాని అంచు వేగము సెకనుకు సుమారు 390 మీటర్లగును. ఇది ధ్వని వేగము కంటె ఎక్కువ. ఇంత వేగమున లోహము లోహమును తాకినచో క్షణములో అరిగిపోవును. కావున సాధారణముగా ఈ ఇరుసు, ఇంజను ఆయిలు పీడనముతో ఏర్పడిన సన్నని పొరపై తేలుచు తిరుగును. ఆ పొర మందము మిల్లీమీటరులో కొన్ని నూరవ వంతులు మాత్రమే.

టర్బోచార్జరు ప్రాణమంతయు ఈ పొరలోనే ఉన్నది. ఆయిలు అందకున్నను, అందిన ఆయిలు మురికిదైనను, అది తన పని ముగించి క్రిందికి దిగుటకు దారి లేకున్నను ఇరుసు చెడును. అనగా టర్బోచార్జరు తనంతట తాను చెడుట అరుదు. చాల సందర్భములలో మరియొకటి దానిని చెరచును. పాతదానిని చెరచినదేదో కనుగొనక క్రొత్తదానిని బిగించినచో, వేల రూపాయల వస్తువు కొద్ది నిమిషములలోనే పాడగును.

ముందుగా పరీక్ష

నల్లని పొగ గాలి చాలలేదని చెప్పును. అందుకు కారణము టర్బోచార్జరే కానక్కరలేదు. గాలి గొట్టము చీలియుండవచ్చును, క్లిప్పు వదులై ఉండవచ్చును, సున్నపు దుమ్ముతో గాలి ఫిల్టరు పూడియుండవచ్చును. వీటిని సరిచేయుటకు పట్టు ఖర్చు స్వల్పము. నీలి పొగ సిలిండరులోనికి ఆయిలు పోవుచున్నదని చెప్పును.

ఇంజను పూర్తిగా చల్లారిన పిదప కంప్రెసరు ముందరి గొట్టమును ఊడదీసి ఇరుసును వ్రేళ్లతో కదిల్చి చూడవలెను. ప్రక్కలకు కొద్దిగా కదలిక ఉండుట సహజమే, ఏలయన అప్పుడు ఆయిలు పొర లేదు. కాని చక్రము గోడను రాసినను, రెక్కలు విరిగినను, ఇరుసు ముందు వెనుకలకు స్పష్టముగా ఆడినను టర్బోచార్జరు చెడినట్లే.

మార్చు విధానము

పానాలు పట్టుట తెలిసి, ఆ కారు మరమ్మతు పుస్తకము దగ్గర నున్నవారికి ఇది ఒక దినపు పని. కారును చదును నేలపై నిలిపి, చక్రములకు అడ్డు పెట్టి, బ్యాటరీ నెగెటివు తీగను తీసివేయవలెను. కారు క్రిందికి దూరవలసినచో జాకీని మాత్రమే నమ్మరాదు. గట్టి స్టాండ్లపై నిలుపవలెను. ఎగ్జాస్టు వైపు నట్లు వేడికి పట్టుకొనిపోయి ఉండును. వాటిపై తుప్పు వదిలించు నూనెను ముందటి రాత్రియే చల్లి ఉంచినచో బోల్టులు విరుగవు.

పాతదానిని తీసిన పిదప అసలు పని ఆరంభమగును. ఆయిలు తెచ్చు సన్నని గొట్టములో మాడిన మసి పేరుకొనును. దానిని కడుగుట కంటె క్రొత్తది వేయుట మేలు. ఆ గొట్టపు బోల్టులో చిన్న జల్లెడ ఉన్నదేమో చూడవలెను. ఆయిలు తిరిగి దిగు గొట్టము వంకరలు లేక, అడ్డు లేక ఉండవలెను. ఆయిలు తన బరువు చేతనే క్రిందికి దిగును గదా. ఇంజను ఆయిలును, దాని ఫిల్టరును తప్పక మార్చవలెను. తీసిన పాత ఆయిలును సాగరు కుడి కాలువలో గాని, పొలము గట్టున గాని పోయరాదు. డబ్బాలో నింపి, పాత ఆయిలు సేకరించువారికి ఇచ్చివేయవలెను.

ఇంటర్‌కూలరులో నిలిచిన ఆయిలును, విరిగిన రెక్కల ముక్కలను పూర్తిగా తొలగించవలెను. గ్యాస్కెట్లన్నియు క్రొత్తవి కావలెను. ఆయిలు దారిలో జిగురు మందు పూయరాదు. అది ముక్కలుగా ఊడి సన్నని రంధ్రమును మూయును. నట్లను పుస్తకములో చెప్పిన బిగువుకే బిగించవలెను.

మొదటి అరనిమిషము

అన్నియు బిగించి వెంటనే తాళము త్రిప్పుట పెద్ద పొరపాటు. క్రొత్త టర్బోచార్జరు లోపల పొడిగా ఉండును. ఆయిలు గొట్టము కలుపుటకు ముందే ఆ రంధ్రములో శుభ్రమైన ఆయిలు పోసి, చక్రమును చేతితో త్రిప్పవలెను. పిదప ఇంధన సరఫరాను ఆపి, స్టార్టరుతో ఇంజనును పది సెకనుల చొప్పున, నడుమ విరామమిచ్చుచు, ఆయిలు పీడనపు ఎఱ్ఱదీపము ఆరువరకు త్రిప్పవలెను. ఆ పిమ్మట ఇంజనును నడిపించి, యాక్సిలరేటరును త్రొక్కక కొన్ని నిమిషములు ఊరక ఉంచి, గొట్టముల చుట్టును తడి కనబడునేమో చూడవలెను.

ఇంటర్‌కూలరును శుభ్రము చేయకున్నచో మరియొక ప్రమాదము కలదు. డీజిలు ఇంజనుకు ఆయిలు కూడ ఇంధనమే. నిలిచిన ఆయిలు గాలితోపాటు లోనికి పోయినచో, తాళము తీసివేసినను ఇంజను ఆగక, అంతకంతకు వేగము పెంచుకొనుచు చివరకు బ్రద్దలు కావచ్చును. గాలిని ఆపుటయే దానిని ఆపు మార్గము. అందుకై మొదటిసారి నడుపునప్పుడు గాలి గొట్టపు నోటిని పూర్తిగా మూయగల గట్టి పలకను దగ్గర ఉంచుకొనవలెను. చేతిని అడ్డు పెట్టరాదు. ఇంజను వేగము చేయి దాటిపోయినచో అందరును దూరముగా తొలగవలెను. కారు కంటె ప్రాణము విలువైనది.

కాబట్టి ఇంటివద్ద టర్బోచార్జరు మార్చుట అసాధ్యము కాదు. కాని అది నట్లు విప్పి బిగించుటతో ముగియు పని కాదు. ఆయిలును వేళకు మార్చుట, గాలి ఫిల్టరును శుభ్రముగా ఉంచుట, ఎండలో దూరము నడిపిన పిదప ఒకటి రెండు నిమిషములు ఇంజనును ఊరక తిరుగనిచ్చి ఆపుట, ఈ మూడు అలవాట్లు ఉన్నవారికి మార్పు అవసరమే చాలకాలము రాదు. చెడిన వస్తువును మార్చుట చేతిపని. అది ఎందుకు చెడినదో తెలిసికొని మార్చుట విజ్ఞానము.