మీకు తెలుసా? పేరు, ఊరు, పుట్టినరోజు: ఇంగ్లీషులో తొలి ప్రశ్నలు

స్పోకెన్ ఇంగ్లీషు ఎక్కడ మొదలుపెట్టినా తొలిరోజు పాఠం ఒకటే. నీ పేరేంటి, మీదే ఊరు, వయసెంత, ఏం చేస్తుంటావు? నాయుడుపేట బడిలో చదివే పాపకైనా, మేనకూరు సెజ్‌కో శ్రీసిటీకో ఇంటర్వ్యూకి బయల్దేరిన డిగ్రీ కుర్రాడికైనా ముందు ఎదురయ్యేవి ఈ ప్రశ్నలే. చూడ్డానికి చిన్నవే అయినా ఒక్కోదాని వెనక తెలుసుకోదగ్గ సంగతులున్నాయి.

సగం మెట్టే ఎక్కిస్తున్నాం

భాష ఎంతవరకు వచ్చిందో చూసేందుకు కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ఒక కొలమానం ప్రచురించింది. ఏ1 నుంచి సీ2 దాకా అందులో ఆరు మెట్లు. మొదటి మెట్టు ఏ1 ఎక్కాలంటే తనను తాను పరిచయం చేసుకోవాలి. ఎక్కడుంటారు, ఎవరెవరు తెలుసు, ఏమేం ఉన్నాయి లాంటి సొంత వివరాలు అడగాలి, చెప్పాలి. అడగడం కూడా లెక్కలోకి వస్తుందన్నమాట. మన తరగతుల్లో మాత్రం టీచరు అడుగుతారు, పిల్లలు జవాబు చెబుతారు. అడిగే వంతు పిల్లలకు రాదు. ఇంకో మంచి సంగతి ఏమిటంటే, ఎదుటివాళ్లు నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడి సాయపడితే మాట్లాడగలగడమే ఈ మెట్టుకు చాలు. కాబట్టి 'ప్లీజ్ స్పీక్ స్లోలీ' అనడానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

ఇంటిపేరు ఏ గడిలో?

మన పదో తరగతి మార్కుల జాబితాలో సాధారణంగా ఇంటిపేరు ముందు, పేరు తర్వాత ఉంటాయి. ఇంగ్లీషు ఫారాల్లో ఫస్ట్ నేమ్ అంటే అమ్మానాన్నలు పెట్టిన పేరు, లాస్ట్ నేమ్ అంటే ఇంటిపేరు. కొండేటి మాధవి అనే అమ్మాయి ఫస్ట్ నేమ్ గడిలో కొండేటి అని రాస్తే, వెళ్లిన దేశంలో అందరూ ఆమెను కొండేటి అనే పిలుస్తారు. మన పాస్‌పోర్టులోనూ సర్‌నేమ్‌కు ఒక వరస, గివెన్ నేమ్‌కు ఒక వరస వేరుగా ఉంటాయి. వాటిలో ఒకటి ఖాళీగా ఉన్నవాళ్లను విజిట్, టూరిస్టు వీసాల మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరు 21 నుంచి నిబంధన పెట్టింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామని తర్వాత కొంత సడలించింది. గల్ఫ్ ప్రయాణం తలపెట్టిన ప్రతి ఇంట్లో ముందు చూసుకోవాల్సింది ఈ రెండు వరసలే.

ఎన్ అంటే నవంబర్

పేరు చెప్పగానే వచ్చే రెండో ప్రశ్న 'హౌ డూ యూ స్పెల్ ఇట్?' నాయుడుపేటనే తీసుకోండి. రైల్వే స్పెల్లింగులో వై ఉంటుంది, స్టేషన్ కోడ్ కూడా ఎన్‌వైపీ. మిగతాచోట్ల ఎక్కువగా ఐ కనిపిస్తుంది. ఫోన్లో ఎన్‌కూ ఎమ్‌కూ తేడా తెలియక తంటాలు పడేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అందుకే విమానయానం కోసం ఒక్కో అక్షరానికి ఒక్కో మాట కేటాయించారు. ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటూ సాగే ఆ జాబితా 1956 మార్చి 1న అమల్లోకి వచ్చింది. ఐ అక్షరానికి అందులో ఉన్న మాట ఇండియా! నాయుడు అన్న పేరును ఐతో రాస్తే పైలట్లు ఇలా చదువుతారు: నవంబర్, ఆల్ఫా, ఇండియా, డెల్టా, యూనిఫాం. మన పిల్లలు 'ఎన్ ఫర్ నెల్లూరు' అన్నా తప్పులేదు, అవతలివాళ్లకు నెల్లూరు తెలిస్తే చాలు.

జిల్లా మారినా పిన్ మారలేదు

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నాయుడుపేట నెల్లూరు జిల్లా నుంచి అందులోకి వచ్చింది. పిన్ కోడ్ మాత్రం 524126గానే ఉంది. తిరుపతి పిన్ 517తో మొదలైతే నాయుడుపేటది నెల్లూరులాగే 524తో మొదలవుతుంది. 1972 ఆగస్టు 15న వచ్చిన ఈ ఆరంకెల పద్ధతి తపాలా బట్వాడా కోసం ఏర్పడింది. జిల్లాల సరిహద్దులతో దానికి పనిలేదు. అడ్రస్ చెప్పేటప్పుడు జిల్లా తిరుపతి, పిన్ 524 అంటే ఎవరైనా అనుమానంగా చూసినా తడబడకండి. ఇక 'వేర్ ఈజ్ నాయుడుపేట?' అని దూరదేశం వాళ్లు అడిగితే, చంద్రయాన్-3 ఎగిరిన శ్రీహరికోటకు దగ్గర్లో, చెన్నై నుంచి నెల్లూరు వెళ్లే జాతీయ రహదారి మీద, స్వర్ణముఖి ఒడ్డున అని చెప్పండి. ఒక్క మాటతో ఊరు వాళ్ల మనసులో నిలిచిపోతుంది.

పుట్టింది ఆగస్టులోనా, మేలోనా?

05/08/2012 అని రాస్తే మనకు ఆగస్టు 5. అమెరికాలో అదే మే 8, అక్కడ నెల ముందు రాస్తారు. ఈ గందరగోళం పోవాలనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1988లో ఐఎస్ఓ 8601 తెచ్చింది. దాని ప్రకారం ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు. నోటితో చెప్పేటప్పుడు ఇంకా తేలిక దారి ఉంది. నెలను పేరుతో చెప్పండి: 'ఫిఫ్త్ ఆగస్ట్, ట్వంటీ ట్వెల్వ్'. పొరపాటుకు తావుండదు.

అడగకూడనివీ ఉన్నాయి

రైల్లో ఎదురు సీటాయన్ని జీతమెంతండీ, పిల్లలెందరండీ అని అడగడం మనకు ఆప్యాయత. ఇంగ్లీషు మాట్లాడే చాలా దేశాల్లో తొలి పరిచయంలో ఇవి అడగరు. కొన్నిచోట్ల చట్టమే అడ్డుపడుతుంది. పాత జీతమెంతో ఉద్యోగం ఖాయం చేయకముందే అడగకూడదని అమెరికాలో మొదట చట్టం చేసిన రాష్ట్రం మసాచుసెట్స్. 2016లో చేసిన ఆ చట్టం 2018 జులై 1న అమల్లోకి వచ్చింది. వయసు ప్రశ్న కూడా జాగ్రత్తగా అడగాల్సిందే: నలభై దాటినవాళ్లపై ఉద్యోగాల్లో వయసు వివక్ష చూపకూడదని అమెరికాలో 1967 నుంచే చట్టముంది. కొత్తవాళ్లతో మాట కలపాలంటే ఊరు, చదువు, ఇష్టమైన ఆట గురించి అడగండి.

మనకంటే ముందు దొరలూ నేర్చుకున్నారు

తెలుగు నేర్చుకుని 1820లో కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ దొర తెలుగు, ఇంగ్లీషు భాషల్లో సంభాషణల పుస్తకం కూడా కూర్చారు. దాని రెండో కూర్పు 1853లో మద్రాసులో అచ్చయింది. ఇటు మన ఒంగోలుకు చెందిన వెన్నెలకంటి సుబ్బారావు మద్రాసు సదర్ అదాలత్ కోర్టులో 1815 నుంచి 1829 దాకా అనువాదకుడిగా, దుబాసీగా పనిచేశారు. 'మీ గురించి చెప్పండి' అన్న ప్రశ్నకు ఆయన చెప్పిన జవాబు ఒక పుస్తకమే అయింది. ఇంగ్లీషులో రాసుకున్న ఆ ఆత్మకథ ఆయన పోయాక, 1873లో వెలువడింది. భారతీయులు ఇంగ్లీషులో రాసిన తొలినాటి స్వీయచరిత్రల్లో అదొకటి.

చెప్పకూడని జవాబులు

ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాళ్లు అడిగిందానికల్లా బుద్ధిగా జవాబు చెప్పేస్తారు. బ్యాంకు నుంచంటూ ఫోన్లో గబగబా ఇంగ్లీషు మాట్లాడితే గాభరాపడి ఓటీపీ చదివేసేవాళ్లూ ఉన్నారు. పిన్, ఓటీపీ, పాస్‌వర్డ్ ఏ భాషలో అడిగినా చెప్పొద్దు. 'సారీ, ఐ కాంట్ షేర్ దట్' అన్న వాక్యం మొదటి రోజు పాఠంలోనే ఉండాలి. మోసపోయినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

రేపు తరగతిలో ఇలా చేయండి

పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టండి. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి, ఆపైన వంతు మారాలి. 'మైసెల్ఫ్ మాధవి' అని మొదలెడితే 'ఐ యామ్ మాధవి' అని మెల్లగా సరిదిద్దండి. జవాబు పూర్తవగానే 'అండ్ యూ?' అనడం అలవాటు చేయండి. చివర్లో పక్కనున్న స్నేహితురాలి గురించి తరగతికి చెప్పమనండి: ఆమె పేరు, ఊరు, ఇష్టమైన ఆట. విని, గుర్తుపెట్టుకుని, తిరిగి చెప్పినప్పుడే ఆ నాలుగు ప్రశ్నలూ పిల్లల సొంతమవుతాయి. టీచర్లూ, అమ్మానాన్నలూ, అడిగే వంతు పిల్లలకివ్వండి.