వార్తల్లో పదం: చోరీ భ్రాంతి
డిమెన్షియా ఉన్న పెద్దలు కొందరు 'నా గొలుసు కోడలే తీసింది' అని గట్టిగా నమ్ముతారు. ఇదే చోరీ భ్రాంతి. ఇది గయ్యాళితనం కాదు, జబ్బు లక్షణం. వస్తువును తామే దాచిన సంగతి జ్ఞాపకంలో నిలవదు. అది కనబడకపోవడం మాత్రం కళ్లెదుటి నిజం. ఆ ఖాళీని మెదడు దొంగతో పూరిస్తుంది. నింద తరచూ సేవ చేసేవారి మీదే పడుతుంది, ఎప్పుడూ ఎదురుగా ఉండేది వాళ్లే కనుక. డిమెన్షియాలో అనుమానం కొత్తదీ కాదు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టర్ అలోయిస్ ఆల్జీమర్ పరీక్షించిన ఆగస్టె డెటర్ అనే రోగిలో మొదట బయటపడింది, చోరీ గురించి కాకపోయినా, భర్తపై అనుమానమే.

ఇలాంటి ఫిర్యాదులన్నిటినీ భ్రాంతి అని కొట్టిపారేస్తే నిజంగా దోచుకునేవారికి అండ దొరకదా? దొరుకుతుంది, అందుకే ముందు నిజానిజాలు విచారించాలి. అనుమానం హఠాత్తుగా మొదలైతే ఇన్ఫెక్షనో, మందుల ప్రభావమో కావచ్చు, డాక్టరుకు చూపించాలి. మాత్రలతో అణచివేయడం సులువనిపిస్తుంది. కానీ డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో కొన్ని యాంటీసైకోటిక్ మందులు మరణ ముప్పు పెంచుతాయని 2005లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ప్రమాదం, తీవ్ర వేదన ఉన్నప్పుడే వాటి అవసరం. మిగతా వేళల్లో వాదించకండి. 'పదండి, కలిసి వెతుకుదాం' అనండి.