మనసును చదివే విద్య

శరీరానికి జబ్బు చేస్తే వైద్యుని వద్దకు వెళ్ళాలని పసిపిల్లలకు కూడా తెలుసు. మనసుకు జబ్బు చేసినప్పుడు ఎవరి వద్దకు వెళ్ళాలో తెలిసిన పెద్దలు సైతం తక్కువే. ఒక మనిషి నిద్రాహారాలు మాని, తనలో తాను మాట్లాడుకుంటూ ఉంటే 'గాలి సోకింది' అనో, 'చిల్లంగి పెట్టారు' అనో భావించి భూతవైద్యుని ఆశ్రయించేవారు శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో నేటికీ లేకపోలేదు. దానివల్ల రోగికి అందవలసిన చికిత్స ఆలస్యమవుతుంది. చిల్లంగి పేరుతో నిరపరాధి ఎవరో నిందల పాలవుతారు. ఈ అజ్ఞానాన్ని తొలగించగల విద్యలలో మనస్తత్వశాస్త్రం ప్రధానమైనది.

మనసును గురించిన చింతన ప్రాచీనమైనదే అయినా, ప్రయోగాలపై ఆధారపడిన శాస్త్రంగా మనస్తత్వశాస్త్రం వయస్సు ఒకటిన్నర శతాబ్దం మాత్రమే. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో విల్‌హెల్మ్ వుంట్ నెలకొల్పిన ప్రయోగశాలతో ఆ శాస్త్రానికి ప్రత్యేక ప్రతిపత్తి లభించింది. మన దేశంలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉత్తరాంధ్రలో ఈ విద్యకు నిలయమైంది. అక్కడ 1967లో మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్ర విభాగాన్ని నెలకొల్పిన ఆచార్య కోనేరు రామకృష్ణారావు అంతర్జాతీయ ఖ్యాతి గడించాడు. ఆ విశ్వవిద్యాలయానికే ఉపాధ్యక్షుడై, 2011లో పద్మశ్రీ పురస్కారం అందుకున్నాడు.

మానసిక వైద్యుడు, మనస్తత్వవేత్త ఒకరే అనుకోవడం పొరపాటు. మానసిక వైద్యుడు ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసి, ఆపై మనోవైద్యంలో ఎం.డి. వంటి పట్టం పొందినవాడు. మందులు వ్రాసే అధికారం అతనికి ఉంటుంది. మనస్తత్వవేత్త మందులు వ్రాయడు. ప్రశ్నించడం, వినడం, పరీక్షల ద్వారా తెలివినీ స్వభావాన్నీ జ్ఞాపకశక్తినీ అంచనా వేయడం, మాటల ద్వారా ఆలోచనలనూ అలవాట్లనూ చక్కదిద్దుకొనేలా తోడ్పడడం అతని పని. ఒకరి కృషికి మరొకరి కృషి పూరకం.

ఈ విద్యను అభ్యసించగోరే విద్యార్థికి ఇంటర్మీడియట్‌లో ఫలానా గ్రూపే ఉండాలన్న నియమం సాధారణంగా లేదు. జీవశాస్త్రం చదివినవారికి మెదడు, నాడీమండలం గురించిన పాఠాలు సులువవుతాయి. గణితం చదివినవారికి సంఖ్యాశాస్త్రం భయపెట్టదు. చరిత్ర, పౌరశాస్త్రం చదివినవారికి సమాజం పట్ల అవగాహన ఉంటుంది. పట్టభద్రుడైన పిమ్మట రెండేళ్ళ ఎం.ఏ. లేదా ఎం.ఎస్‌సి. మనస్తత్వశాస్త్రంలో చేరాలి. రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలలో ఈ ప్రవేశాలకు 2021 నుండి ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఏర్పడింది.

రోగులకు చికిత్స చేసే 'క్లినికల్ సైకాలజిస్ట్' కావాలంటే ఎం.ఏ. పట్టం ఒక్కటే చాలదు. 1992 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ పొంది, ఆ మండలి పట్టికలో పేరు నమోదు చేయించుకోవాలి. ఆసుపత్రిలో నిపుణుల పర్యవేక్షణలో సాగే రెండేళ్ళ ఎం.ఫిల్. చిరకాలం ఇందుకు రాజమార్గంగా ఉండేది. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ ఈ శిక్షణకు పేరెన్నికగన్నది. 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఎం.ఫిల్. పట్టాన్ని రద్దు చేసినా, ఈ శాఖకు 2025-26 వరకు ప్రవేశాల గడువును పొడిగించింది. మరోవైపు 2025లో, దూరవిద్య ద్వారా మనస్తత్వశాస్త్రం బోధించరాదని ఆ సంఘమే నిర్ణయించింది. నియమాలు ఇలా మారుతున్న కాలంలో, ఏ కోర్సుకైనా రుసుము చెల్లించే ముందు దానికి మండలి గుర్తింపు ఉన్నదో లేదో విచారించుకోవడం విద్యార్థి మొదటి కర్తవ్యం. పొలం తాకట్టు పెట్టి చదివించే తల్లిదండ్రుల కష్టం గుర్తింపు లేని పట్టం పాలు కాకూడదు.

చికిత్స ఒక్కటే ఈ శాస్త్రానికి క్షేత్రం కాదు. విజయనగరం సమీపంలోని కోరుకొండ సైనిక పాఠశాల 1962లో ఏర్పడింది. అక్కడ చదివి సైన్యంలో అధికారి కాగోరే యువకుడు సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ముందుకు వెళ్ళినప్పుడు, ఒక బొమ్మను చూపి కథ వ్రాయించి, ఒక మాట చెప్పి మనసుకు తోచినది వ్రాయించి, అతని స్వభావాన్ని అంచనా వేసేది మనస్తత్వవేత్తే. రైలు నడిపే ఉద్యోగానికి ఎంపికయ్యేవారికి కూడా ఏకాగ్రత, సావధానత పరీక్షలు ఉంటాయి. పాఠశాలలు, కర్మాగారాలు, న్యాయస్థానాలు, బాలల సంరక్షణ గృహాలు ఈ నిపుణుల సేవలను కోరుతున్నాయి.

ఉత్తరాంధ్రలో ఈ సేవల అవసరం ఎంత ఉన్నదో ఇటీవలి సంఘటనలే తెలుపుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరాన్ని తాకి, ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళన్నీ రైతు గుండెలో బరువు ఉంటుంది. అదే ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధితో వారం వారం డయాలిసిస్‌కు వెళ్ళేవారు రోగంతోపాటు దిగులునూ మోస్తున్నారు. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద రెండు రైళ్ళు ఢీకొన్నప్పుడు, బయటపడినవారి శరీర గాయాలకు కట్లు కట్టవచ్చు. కలలో వినిపించే ఆ చప్పుడుకు వేరే చికిత్స కావాలి. పరీక్షా ఫలితాల వేళ కుంగిపోయే విద్యార్థులకూ అటువంటి ఆసరాయే అవసరం. మానసిక ఆరోగ్య సేవలు పొందడం పౌరుల హక్కు అని 2017 నాటి చట్టం ప్రకటించింది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యతో ఎవరైనా ఏ వేళనైనా ఫోను చేయవచ్చు.

అయితే మనసు తన బాధను మాతృభాషలోనే చెప్పుకుంటుంది. 'గుండెల్లో గుబులు' అన్న మాటలోని వేదన ఆంగ్ల ప్రశ్నపత్రానికి అందదు. సీతంపేట కొండలలోని సవర తల్లి దుఃఖానికి తెలుగు కూడా పరాయి భాషే. ఈ సందర్భంలో శ్రీకాకుళం ప్రాంతంలో 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి స్మరణీయుడు. ఆయన సవరల భాషను వారివద్దనే నేర్చి, వారి పిల్లలకు బడులు పెట్టి, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చాడు. ఎదుటివారికి సాయపడగోరేవాడు ముందుగా వారి భాషలోకి నడిచి వెళ్ళాలని ఆయన జీవితం నిరూపించింది. సిక్కోలు పల్లెలో పెరిగిన విద్యార్థికి ఆ నుడికారం పుట్టుకతో వచ్చిన ఆస్తి. పట్టణాల నుండి వచ్చే నిపుణుడు ఏళ్ళు శ్రమించి నేర్చుకోవలసినది అతనికి ముందే ఉన్నది.

ఈ వృత్తికి ఓర్పు మూలధనం. విన్న రహస్యాన్ని దాచడం దాని ధర్మం. ఆరేడేళ్ళ చదువు, శిక్షణ పూర్తయ్యేవరకు సంపాదన ఉండకపోవచ్చు; ఆ సంగతి తెలిసి ఇందులో అడుగుపెట్టడం మంచిది. అలా సిద్ధపడిన విద్యార్థి ఒకడు చదువు ముగించి తన ఊరికి తిరిగివస్తే, భూతవైద్యుని గుమ్మం వైపు నడిచే కుటుంబానికి మరొక గుమ్మం కనిపిస్తుంది.