పొగగొట్టములోని జల్లెడ

హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు దారిలో మన్ననూరు గేటు వద్ద తెల్లవారక మునుపే బండ్లు బారులు తీరి నిలిచియుండుట ఆ దారిని ఎరిగినవారికి క్రొత్త గాదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యములోని జంతువుల క్షేమము కొరకు రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు అడవిలోనికి వాహనములను పోనీయరు. ఆ బారులో కూరగాయలను, ధాన్యమును మోయు పికప్పు బండ్లును ఉండును. వేచియున్న డ్రైవరు పాటలు వినుటకో, ఫోను చార్జి చేయుటకో ఇంజనును ఆపక అట్లే తిరుగనిచ్చుట కద్దు. నిలిచియున్న బండికి వచ్చు నష్టమేమని అతని ఊహ. నష్టము కలదు. అది పొగగొట్టములో కూర్చుండును. దాని సంగతి నేడు కొంత వివరింపదలచితిమి.

2020 ఏప్రిల్ 1వ తేదీ నుండి మన దేశమున అమ్ముడుపోవు క్రొత్త బండ్లకు భారత్ స్టేజి 6 నియమములు వర్తించుచున్నవి. అంతకు ముందున్న నాలుగవ స్టేజిలో డీజిలు కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసికణముల వరకు విడువవచ్చును. ఆరవ స్టేజిలో ఆ హద్దు నాలుగున్నర మిల్లీగ్రాములకు దిగినది. డీజిలులోని గంధకమును సైతము పది లక్షల పాళ్లలో 50 పాళ్ల నుండి 10 పాళ్లకు తగ్గించిరి. ఇంత పట్టుదల ఊరక రాలేదు. డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ణయించినది. కంటికి కనబడు నల్లని పొగకంటె కనబడని సన్నని కణములే ఊపిరితిత్తుల లోతులకు చేరును.

ఆ కణములను పట్టుటకు పొగగొట్టములో అమర్చినదే మసి వడపోత. మెకానిక్కులు దీనిని డి.పి.ఎఫ్. అందురు. అది తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మె. అందు సన్నని గదులు వేలకొలది పొడవునా సాగియుండును. ఒక గదికి వెనుకవైపు మూత. దాని పొరుగు గదికి ముందువైపు మూత. ముందువైపు తెరచియున్న గదిలో దూరిన పొగకు ఎదుట దారి లేదు గనుక, పక్కగోడలోని సూక్ష్మ రంధ్రముల గుండా పొరుగు గదిలోనికి పోవలసినదే. వాయువు పోవును, మసి గోడను పట్టుకొని నిలుచును.

నిలిచిన మసి నిండిన తరువాత ఏమగును? పిండి జల్లెడను తట్టి దులిపినట్లు దీనిని దులుపరాదు. లోపలనే కాల్చవలెను. ఈ కాల్చుటనే రీజనరేషన్ అందురు. అమ్రాబాద్ పీఠభూమి తూర్పు ఎద్దులకు పేరుపడిన చోటు గనుక, ఇచ్చటివారికి ఒక పోలిక చెప్పుదుము. ఎద్దు మేసిన మేత నెమరు వేయుటకు తీరిక కావలెను. మేపి, నెమరు వేయనీయక, మరల మేపినచో కడుపుబ్బరము తప్పదు. మసి వడపోతయు అట్టిదే.

ఈ నెమరు రెండు విధములు. బరువుతో ఎక్కుడు దారిని ఎక్కునపుడు పొగ వేడి 250 నుండి 400 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఉండును. ఆ వేడిలో పొగలోని నైట్రోజన్ డయాక్సైడు మసిని కొంచెము కొంచెముగా హరించుచుండును. డ్రైవరుకు తెలియకుండ జరుగు పని ఇది. అది చాలనపుడు బండిలోని కంప్యూటరు రెండవ ఉపాయమును పన్నును. ఇంజనులోనికి వేళ తప్పించి కొంత అదనపు డీజిలును చిమ్మించును. అది వడపోతకు ముందున్న ఉత్ప్రేరకముపై కాలి, పొగ వేడిని సుమారు 600 డిగ్రీలకు చేర్చును. అప్పుడు మసి మండి పోవును. ఇందుకు సాధారణముగా పది, ఇరువది నిమిషములు పట్టును.

మన దారిని ఈ దృష్టితో చూడుడు. అచ్చంపేట వైపు నుండి మన్ననూరు ఎక్కునపుడు ఇంజను కష్టపడును. వడపోత కొంత శుభ్రపడును. దిగునపుడు కాలు యాక్సిలరేటరుపై ఉండదు, పొగ చల్లబడును. అడవిలో జంతువుల కొరకు నెమ్మదిగా పోవలసియుండును, అది న్యాయమే. ఇక గేటు వద్ద గంటకొలది ఖాళీగా తిరుగు ఇంజను చల్లని పొగను విడుచుచు మసిని చేర్చునేగాని కాల్చలేదు. అమ్రాబాదుకును పదరకును నడుమ చిన్న చిన్న ప్రయాణములే చేయు బండికి కాల్చు పని మొదలై సగములో ఆగిపోవుట తరచుగా జరుగును. ఆగిన ప్రతిసారి, కాలక మిగిలిన డీజిలు కొంత సిలిండరు గోడల వెంట దిగి ఇంజను ఆయిలులో కలియును. పలుచబడిన ఆయిలు బేరింగులను కాపాడజాలదు. కావున ఆయిలు మట్టము తగ్గుటయే గాదు, పెరుగుటయు రోగలక్షణమే.

అట్లయిన కనిపెట్టుట ఎట్లు? కొన్ని గురుతులు యంత్రము లేకయే తెలియును. నిలిచియున్నపుడు ఇంజను వడి కొంత హెచ్చును, ఫ్యాను గట్టిగా తిరుగును, మైలేజి తగ్గును, వేడి వాసన వచ్చును. ఇవి కానవచ్చినపుడు కొద్ది నిమిషములు ఓపిక పట్టి బండిని నడుపుచునే యుండవలెను.

ఇంతకంటె నిక్కముగా తెలియగోరువారు స్టీరింగు క్రిందనుండు ఓ.బి.డి. సాకెట్టుకు చిన్న పరికరము తగిలించి, బండి కంప్యూటరు లెక్కలను ఫోనులో చదువవచ్చును. అన్ని బండ్లును అన్ని లెక్కలను చూపవు. చూపినంతలో నాలుగింటిని గమనించిన చాలును. మొదటిది, వడపోతకు ముందు వెనుకల పీడనములో భేదము. దీనిని ఎప్పుడును ఒకే ఇంజను వడిలో పోల్చవలెను. మసి పెరిగిన కొలది భేదము పెరుగును. కాల్చిన పిదప తగ్గవలెను. తగ్గనిచో బూడిద నిండియుండవచ్చును, లేదా పీడనమును కొలుచు సన్నని గొట్టము మూసుకొనియుండవచ్చును. ఇంజను ఎంత వడిగా తిరిగినను భేదము సున్నయే చూపినచో గొట్టము ఊడియుండును, లేదా దిమ్మె పగిలియుండును. రెండవది, పొగ వేడి. మూడవది, చేరిన మసి. ఇది కంప్యూటరు అంచనా గాని తూచిన తూకము గాదు. నాలుగవది, కడపటి రీజనరేషన్ పిమ్మట నడిచిన దూరము. ఈ దూరమును ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనుడు. ఒకనాడు 400 కిలోమీటర్లకు ఒకమారు జరుగునది 250కి, 100కి దిగివచ్చినచో దోషము వడపోతదే యని తలపరాదు. ఇంజెక్టరు కారుచుండుటయో, టర్బో నుండి ఆయిలు పోవుటయో, గాలి ఫిల్టరు దుమ్ముతో నిండుటయో కారణమై యుండవచ్చును. పొయ్యి పొగలు చిమ్ముచుండగా గోడకు సున్నము వేసిన లాభమేమి?

బూడిద వేరు, మసి వేరు అని మరువరాదు. ఆయిలులోని లోహపు పాళ్లు కాలి బూడిదయగును. అది ఎంత వేడికిని పోదు. అందుచేతనే ఈ బండ్లకు తక్కువ బూడిదనిచ్చు ఆయిలునే పోయవలెనని తయారీదారులు చెప్పుదురు. చౌక ఆయిలు పోసి మిగుల్చుకొన్న డబ్బు వడపోతను మార్చునపుడు పలు రెట్లుగా పోవును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. మాఘము దాటిన పిదప నల్లమలలో ఆకు రాలి, బోద ఎండి, నిప్పు రవ్వకై ఎదురు చూచుచున్నట్లుండును. వడపోతను కాల్చుచున్న బండి క్రింది భాగము అప్పుడు మిక్కిలి వేడిగా నుండును. దానిని బాట ప్రక్క ఎండుగడ్డిపై నిలిపి టీ త్రాగబోవుట పెట్రోలు ప్రక్క బీడీ ముట్టించుట వంటిది. 2,600 చదరపు కిలోమీటర్లకు మించిన ఆ అభయారణ్యములో పులులేగాక చెంచుల పెంటలును కలవు. తేనె, జిగురు, కాయలు వారి బ్రతుకు. ఎచ్చట నిలిపినను నేల గట్టిగా, గడ్డి లేక ఉన్న చోటనే నిలుపుడు.

హెచ్చరిక దీపము వెలిగినపుడు అడవి దాటి హాజీపూరు, డిండి వైపు చదునైన దారిలో, నియమిత వేగము మించక, ఇరువది నిమిషములు ఆగకుండ నడుపుడు. అప్పటికిని ఆరనిచో వర్క్‌షాపునకు పోవలెను. దీపము వెలుగుచుండగనే నెలల తరబడి నడుపరాదు.

వడపోతను కోసి పారవేసిన పీడ పోవునని చెప్పు వారును కలరు. బండిని తయారీదారుడు నిర్మించిన తీరు నుండి మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు విరుద్ధము. చట్టమును అటుంచుడు. పత్తి ఏరి సాయంకాలము ట్రాలీలో కూర్చుండి ఇల్లు చేరు కూలివాండ్రు, ముందుపోవు బండి వదలిన గాలినే పీల్తురు. వడపోత పట్టిన మసి వారి ఊపిరిలోనికి పోకుండ నిలిచిన మసి. దానికి దినమున ఇరువది నిమిషముల తీరిక నిచ్చుట మనకు భారము గాదు.

కావున రేపు ఉదయము గేటు వద్ద వేచియున్నపుడు తాళపుచెవిని ఒకమారు త్రిప్పి ఇంజనును ఆపుడు. అడవిలో పక్షుల కూతయు వినబడును.