వానాకాలంలో కోడిపిల్లల రక్తపారుడు వ్యాధి – లిట్టర్ యాజమాన్యమే తొలి రక్షణ

నిర్మల్ జిల్లా బాసర పరిసర గ్రామాలలో పంటల సాగుతో పాటు పెరటి కోళ్ల పెంపకం చిన్న రైతు కుటుంబాలకు అనుబంధ ఆదాయాన్ని ఇస్తుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో రూపొందించిన వనరాజా వంటి రకాల పిల్లలను సుమారు ఆరు వారాల పాటు లిట్టర్‌పై పెంచి, ఆ పిమ్మట పెరట్లోకి వదులుతారు. రక్తపారుడు వ్యాధి, అనగా కాక్సిడియోసిస్, ఎక్కువగా సోకేది కూడా మూడు నుండి ఆరు వారాల వయసులోనే. కావున గోదావరి తీర గ్రామాలలో వానాకాలపు పిల్లల విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం.

వ్యాధి వ్యాప్తి

ఐమీరియా ప్రజాతికి చెందిన ఏకకణ పరాన్నజీవులు ఈ వ్యాధికి కారకాలు. వీటిలో ఐమీరియా టెనెల్లా అంధనాళాలను, ఐమీరియా నెకాట్రిక్స్ చిన్నపేగు మధ్యభాగాన్ని తీవ్రంగా దెబ్బతీస్తాయి. రెట్టతో వెలువడిన ఊసిస్టులు వెంటనే వ్యాధిని కలిగించలేవు. తేమ, ప్రాణవాయువు, 25–30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత లభిస్తే ఒకటి రెండు రోజులలో పరిపక్వమై వ్యాధికారకాలవుతాయి. గట్టి పొర గల ఈ ఊసిస్టులను సాధారణ క్రిమిసంహారకాలు నశింపజేయలేవు. అయితే కొద్ది సంఖ్యలో ఊసిస్టులు లోనికి చేరిన పిల్లలలో ఆ జాతి పరాన్నజీవిపై రోగనిరోధక శక్తి ఏర్పడుతుంది. కనుక వాటిని పూర్తిగా నిర్మూలించడం కాక, సంఖ్యను అదుపులో ఉంచడమే నివారణ లక్ష్యం.

నివారణ

వరి ఊకను రెండు మూడు అంగుళాల మందాన పరచి, ప్రతిరోజు తిరగవేయాలి. గుప్పిట పట్టి నొక్కినపుడు లిట్టర్ ముద్దగా నిలిస్తే తేమ అధికంగా ఉన్నట్లే. నీటి తొట్లను పిల్లల వీపు ఎత్తులో అమర్చి, వాటి చుట్టూ తడిసిన ఊకను వెంటనే తీసివేయాలి. పిల్లలను కిక్కిరిసి ఉంచరాదు. వాన జల్లు పడకుండా పరదాలు కట్టినా పైభాగంలో గాలి ఆడనివ్వాలి. తీసివేసిన లిట్టర్‌ను షెడ్డుకు దూరంగా కుప్పవేసి కంపోస్టు చేయాలి. కుప్పలో పుట్టే వేడికి ఊసిస్టులు నశిస్తాయి, పొలానికి మేలైన ఎరువూ లభిస్తుంది.

దాణాలో మోనెన్సిన్ లేదా సాలినోమైసిన్ వాడుతున్న మందకు టియాములిన్ ఇవ్వరాదు, విషప్రభావం కలుగుతుంది. సజీవ టీకా వేసిన పిల్లల దాణాలో కాక్సిడియా నిరోధక మందులు కలపరాదు.

చికిత్స

పిల్లలు రెక్కలు వాల్చి ఒకచోట గుమిగూడటం, మేత తగ్గడం, తురాయి పాలిపోవడం, రెట్టలో రక్తం కనిపించడం ప్రధాన లక్షణాలు. టెనెల్లా సోకిన నాలుగైదు రోజులకు గాని రక్తం కనబడదు. అప్పటికే పేగు గోడ దెబ్బతిని ఉంటుంది. చనిపోయిన పిల్లలకు శవపరీక్ష చేయించి నిర్ధారించుకోవాలి. పశువైద్యుని సలహాపై ఆంప్రోలియంను లీటరు నీటికి 120–240 మిల్లీగ్రాముల క్రియాశీల పదార్థం చొప్పున 3–5 రోజులు, తదుపరి 60 మిల్లీగ్రాముల చొప్పున ఒకటి రెండు వారాలు ఇవ్వాలి. ఆంప్రోలియం పరాన్నజీవికి థయమిన్ అందకుండా చేసి పనిచేస్తుంది. కావున ఆ రోజులలో బి విటమిన్ల మిశ్రమం ఇస్తే మందు ప్రభావం తగ్గుతుంది. ఒకే మందును ఏళ్ల తరబడి వాడితే నిరోధకత పెరుగుతుంది.

ఏ మందు వాడాలని రైతు అడిగినపుడు విస్తరణ శాస్త్రవేత్తలు ముందుగా షెడ్డులోని లిట్టర్‌ను పరిశీలించాలి. తడి లిట్టర్‌ను అలాగే ఉంచి మందు పోస్తే వ్యాధి తాత్కాలికంగా తగ్గినా తదుపరి విడత పిల్లలలో మళ్లీ తలెత్తుతుంది.