వార్తల్లో పదం: కృత్రిమ కణం
కొవ్వు పొరతో చేసిన సూక్ష్మ బుడగలో డీఎన్‌ఏ, ఎంజైములు నింపి, దానిచేత జీవకణం పనులు చేయించే ప్రయత్నమిది. 2016లో క్రెయిగ్ వెంటర్ బృందం 473 జన్యువులతోనే బతికే బ్యాక్టీరియాను చూపింది. గొప్ప విజయమే, కానీ అది అప్పటికే బతికున్న కణాన్ని ఆసరా చేసుకుంది. నిర్జీవ పదార్థాలతో మొదలుపెట్టడమే అసలు పరీక్ష. ప్రోటీన్ల తయారీ, ఎదుగుదల, విభజన విడివిడిగా కొంతమేర సాధ్యమయ్యాయి. అన్నీ ఒకే బుడగలో కలిసి సాగడమే కష్టం. సిరిసిల్ల మరమగ్గం మీద పడుగు, పేక, నాడె లయ తప్పితే బట్ట దిగదు కదా!

ఇలాంటి బుడగల్లోనూ ప్రోటీన్ల తయారీకి ఒక ముఖ్య ఇంధనం ఏటీపీ. దాన్ని 1929లో సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి వెలికితీసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జగిత్యాల, కోరుట్లలో జీవశాస్త్రం చదివే పిల్లలకు ఏటీపీతో పాటు ఆయన పేరూ చెప్పాలి.