ఒంటిచేతి సంజ్ఞకూ అర్థముంది
చేయి కోల్పోయిన, పక్షవాతంతో వేళ్లు బిగుసుకుపోయిన బధిరులు సంజ్ఞా భాషకు దూరమైనట్లేనా? కాదు. సంజ్ఞకు వేళ్ల ఆకృతి ఒక్కటే మూలం కాదని, చేతి స్థానం, కదలిక కూడా అందులో భాగాలని అమెరికా భాషావేత్త విలియం స్టోకీ 1960లోనే చూపారు.

రెండు చేతులూ ఒకేలా కదిలే సంజ్ఞల్లో ఒకటి రెండోదానికి ప్రతిబింబం. అది లేకున్నా అర్థం చాలావరకు నిలుస్తుంది. బిడ్డను ఎత్తుకున్న బధిర తల్లి మాట్లాడేది ఒంటిచేత్తోనే కదా! ఒక చేతిపై మరొకటి కదలాల్సిన చోట బల్లో, తొడో ఆసరా అవుతుంది.

అసలు చిక్కు పేర్ల దగ్గర. భారతీయ సంజ్ఞా భాషలో ఆంగ్ల అక్షరాలను ఎక్కువగా రెండు చేతులతో చూపుతారు. అమెరికా పద్ధతికి ఒక చేయి చాలు. కానీ అది ఎదుటివారికీ తెలిసుండాలి. ఆసుపత్రిలో అనువాదకుడు రోగి చేతుల తీరును ముందుగా గమనించకుంటే మందు పేరే మారిపోవచ్చు.